మీసాల వడ్లు

జూన్ 4

అక్కా,

నేను బాగానే ఉన్నాను. ఈ ముక్క ముందు రాసేస్తే మిగతాది నువ్వు కంగారు లేకుండా చదువుతావు. పోయిన తుపానుకి మీ వైపు టవరు కూలినప్పటినుంచి ఫోను కలవడం లేదు. కలిసినా ఏం లాభం, ఫోను బావగారి జేబులో రేవు దగ్గర ఉంటుంది. ఇక ఉత్తరాలే గతి. బస్సు డ్రైవరు చేతికిస్తే మూడో రోజుకి నీకు అందుతుందట.

నాకు సొంత కుర్చీ ఇచ్చారు. జిరాక్సు మిషను పక్కన. కాగితం కోసం ఎవరొచ్చినా నా మోచేతికి తగలకుండా పోరు. అయినా మన ఇంట్లో బడి మెట్లెక్కి, బల్ల ముందు కూర్చుని జీతం తీసుకున్న మొదటి మనిషిని నేనే కదా, మోచేయి నొప్పి పెద్ద లెక్కలోది కాదు.

మా ఆఫీసు ఏం చేస్తుందని అడిగావు. తుపాన్లకీ వరదలకీ పంటలు పోతున్న ఊళ్లలో, మగవాళ్లు పనుల కోసం వెళ్లిపోయి పొలం ఆడవాళ్ల మీద పడ్డచోట, వాళ్లకి దారి చూపిస్తుంది. అంటే మీకే. మీ పన్నెండుమంది కలిసి కౌలుకి చేస్తున్న ఆరెకరాల గురించి ఆఫీసరుగారికి చెప్పాను. ఆయన ఒక ఫారం ఇచ్చారు. మూడే ప్రశ్నలు: చేలో నీళ్లు ఎన్ని రోజులు నిలిచాయి, ఎంత లోతు, ఏ నెలలో. అందరినీ అడిగి సరిగ్గా రాయి. ఈ జవాబుల మీదే మీకు ఏ విత్తనం రావాలో తేలుతుంది.

పాపని బడి మాన్పించకు.

నీ చెల్లి

జూన్ 12

చిట్టీ,

ఉత్తరం ఇస్తూ డ్రైవరు "మీ ఆఫీసరమ్మ పంపింది" అన్నాడు. నేను కాదనలేదు. పదిమంది వినేలా ఇంకోసారి అనిపించుకున్నాను కూడా.

నా రాత చూసి నవ్వకు. సెలవులకి వచ్చినప్పుడు నువ్వు దిద్దించిన అక్షరాలే ఇవి.

పన్నెండుమందినీ మా అరుగు మీద కూర్చోబెట్టి అడిగాను. నిరుడు నీళ్లు తొమ్మిది రోజులు నిలిచాయి. దర్జీ వదిన పది అంది గానీ ఆవిడ దేనికైనా ఒకటి కలిపే చెబుతుంది. లోతు తొడదాకా. నెల సెప్టెంబరు. అంతకుముందు ఏడు కూడా అంతే. ఏటి పాయలోంచి గట్టెక్కి వచ్చేశాయి. మన మీసాల వడ్లు ఎకరానికి నాలుగు బస్తాలు ఇచ్చాయి, కొత్త రకాలు వేసిన పక్క ఊరివాళ్లకి గడ్డి కూడా మిగల్లేదు. నాలుగు బస్తాలతో ఏం తింటాం, ఏం కౌలు కడతాం? అందుకే నీ విత్తనం కోసం అందరం ఎదురుచూస్తున్నాం.

మొండి పెద్దమ్మ మాత్రం రాలేదు. అమ్మ పోయాక మనకి మిగిలిన పెద్ద తల ఆవిడొక్కతే, ఆ తలలో ఏం దూరదు. "కాగితం నింపితే నీళ్లు ఆగుతాయా" అని వాకిట్లోంచే కేకేసింది.

పాప బాగానే ఉంది. తలంటు పోస్తే జుట్టు తాడులా బిరుసెక్కుతోంది, ఒకటే గోక్కుంటోంది. మేం నీళ్లకి రోడ్డవతల బావికి పోతున్నాం. బిందెలకి తెల్లగా పొర కడుతోంది, ఎంత తోమినా పోదు.

మీ అక్క

జూన్ 18

అక్కా,

నీ జవాబులు చూసి ఆఫీసరుగారు "ఇంత శుభ్రంగా నింపిన ఫారం ఈ ఏడాదిలో ఇదే" అన్నారు. అవి మా అక్క జవాబులని చెప్పాను.

మీకు మునకను తట్టుకునే వరి వస్తోంది. నీళ్లలో పూర్తిగా మునిగి పద్నాలుగు రోజులున్నా చావదు. నీళ్లు దిగాక మళ్లీ చిగురేస్తుంది. మీకు నిలిచేది తొమ్మిది రోజులే కదా. దర్జీ వదిన లెక్కన పదైనా ఫరవాలేదు. ఎకరానికి పన్నెండు బస్తాలకి తక్కువ రాదట. మా ఆఫీసులో బొమ్మలున్నాయి, మునగకముందు, మునిగాక. చూస్తే నమ్మలేవు.

పాప తలకి మందు సబ్బు పంపుతున్నాను. వారానికి రెండుసార్లు పెట్టు. పేలు ఉన్నాయేమో చూడు.

చెల్లి

జూన్ 28

చిట్టీ,

విత్తనం దిగింది. ఇద్దరు వచ్చి బడి గదిలో ఒక పూట నేర్పారు. మేం బల్లల మీద కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలాయి. మొండి పెద్దమ్మ కూడా చివర్లో వచ్చి, ఒక గింజ నోట్లో వేసుకుని కొరికి, ఉమ్మేసి వెళ్లిపోయింది. వచ్చినవాళ్లు నొచ్చుకున్నారు. నాకు తల ఎత్తుకోలేనంత పనైంది.

ఒక మాట అడగాలి. మా అందరి అటకల మీదా మీసాల వడ్ల విత్తనం ఉంది. దాంట్లోంచి ఒక్కొక్క కుండ దాచుకుంటే తప్పా? ఊరికే, ధైర్యానికి.

సబ్బుకి పాప జుట్టు ఇంకా బిరుసైంది. నురగే రావడం లేదు.

అక్క

జులై 3

అక్కా,

వద్దు. అటక మీద పాత విత్తనం ఉంటే భయంతో సగం అది, సగం ఇది చల్లుతారు. రెండూ కలిస్తే పంట చెడుతుంది, ఏ విత్తనం వల్ల ఎంత వచ్చిందో తేలదు. అన్ని ఊళ్లలోనూ ఇలాగే వెనకడుగు వేస్తారని ఆఫీసరుగారు ముందే చెప్పారు. మా అక్క అలా చేయదని నేను ఆయనకి మాటిచ్చాను.

పంట వచ్చేదాకా మీకు తిండికి కటకటే కదా. ఆ వడ్లు దంచుకుని కడుపునిండా తినండి. అందరికీ నా మాటగా చెప్పు. ఎన్నాళ్లని ఎకరానికి నాలుగు బస్తాల గింజని పట్టుకుని వేలాడతాం?

చెల్లి

ఆగస్టు 9

చిట్టీ,

నీ మాటగానే చెప్పాను. ఒకరిద్దరు గొణిగారు. "చదువుకున్న పిల్ల, దానికి మనకంటే తెలియదా" అని నేనే గట్టిగా అన్నాను. నెల రోజులు రెండు పూటలా తిన్నాం. దర్జీ వదిన బుగ్గలు కూడా కాస్త పూడాయి.

చేను చూస్తే నీకు కడుపు నిండిపోతుంది. అంత పచ్చ నేను పుట్టాక చూడలేదు. నిన్న పన్నెండుమందిమి గట్టు మీద నిలబడితే మీ ఆఫీసువాళ్లు ఫొటో తీశారు. నవ్వమన్నారు. చెప్పకముందే నవ్వుతున్నాం.

అక్క

ఆగస్టు 22

అక్కా,

ఆ ఫొటో మా గుమ్మం పక్కన గోడకి పెట్టారు. పన్నెండుమంది మహిళలు కొత్త విత్తనానికి మారి విజయం సాధించారని నివేదిక పైకి వెళ్లింది. కింద నా సంతకం. మొదటిసారి నా సంతకం పైకి వెళ్లడం.

కోతలకి సెలవు పెట్టి వస్తాను. కొడవలి పట్టడం మర్చిపోయాను, వేలు తెగితే నవ్వకండి.

చెల్లి

సెప్టెంబరు 19

చిట్టీ,

నీళ్లు వచ్చాయి. ఆరు రోజులే నిలిచాయి. నువ్వు పద్నాలుగు అన్నావు కాబట్టి మేమెవరం ఏడవలేదు. రోజుకొకళ్లం పోయి కర్రతో లోతు చూసి వచ్చి మిగతావాళ్లకి చెప్పేవాళ్లం. ఆరో రోజు దిగాయి. చిగురేస్తుందని ఎదురుచూశాం.

ఇవాళ్టికి అయిదు రోజులైంది. చేనంతా ఎర్రబడి, కొసలు కాలినట్టు ముడుచుకుపోయింది. పట్టుకుని లాగితే వేరుతో సహా ఊడి వస్తోంది. ఒక్క చిగురు లేదు.

ఇంకా ఎన్నాళ్లు చూడాలో రాయి. అందరూ నన్నే అడుగుతున్నారు.

అక్క

సెప్టెంబరు 24

అక్కా,

కంగారుపడకండి. బొమ్మల్లో కూడా మొదట అలాగే వాడినట్టు కనిపించింది. ఇంకో వారం చూడండి. నీళ్లు దిగాక ఎరువు వేశారా? గట్టు తెగ్గొట్టి నీళ్లు బయటికి వదిలారా, లేక అలాగే వదిలేశారా? నేర్పినప్పుడు ఈ సంగతి చెప్పారని ఇక్కడ కాగితాల్లో ఉంది. ఎక్కడో ఒకచోట పొరపాటు జరిగి ఉంటుందని ఆఫీసరుగారు అంటున్నారు. ఏం జరిగిందో నిజం రాయి, నేనేం అనను.

చెల్లి

సెప్టెంబరు 30

నీ ఉత్తరం అందరి ముందూ చదివాను. "ఏం జరిగిందో నిజం రాయి" అన్నచోట ఆగిపోయాను. దర్జీ వదిన "చదువు, ఆపకు" అంది. చదివాను.

గట్టు మూడుచోట్ల తెగ్గొట్టాం. పారలు చాలక పళ్లేలతో తోడాం. అరికాళ్లు పగిలి ఆ ఉప్పుకి మండుతుంటే నిద్ర లేదు. ఇంకేం చేయాలో మీ కాగితాల్లో చూసి చెప్పు.

అవి వాన నీళ్లా ఏంటి, దిగగానే చిగురేయడానికి? సముద్రం నీళ్లు. నాలుగేళ్ల కిందటి తుపానుకి పాయ మూతి దగ్గర ఇసుక మేట కొట్టుకుపోయిన దగ్గర్నుంచీ పోటు వచ్చిన ప్రతిసారీ సముద్రం మన చేలోకి వస్తోంది. ఇంటి బావి చచ్చింది అందుకే. పాప జుట్టు అందుకే. ఈ సంగతి నీకు తెలియదా?

అక్క

అక్టోబరు 5

అక్కా,

తెలియదు.

నేను హాస్టలుకి వెళ్లేనాటికి పాయలో నీళ్లు దోసిలితో తాగేవాళ్లం. సెలవులకి వచ్చినప్పుడు నువ్వు రోడ్డవతల బావి నుంచి తెచ్చిన నీళ్లే ఇచ్చావు, నేను తాగాను, ఎక్కడివని అడగలేదు. నువ్వు జుట్టు గురించి రాస్తే సబ్బు పంపాను. బిందెల గురించి రాస్తే చదివి పక్కన పెట్టాను. ఆ ఫారంలో రోజులు అడిగారు, లోతు అడిగారు, నెల అడిగారు. నీళ్లు ఏ నీళ్లని అడగలేదు. నాకూ అడగాలని తోచలేదు. నేనే ఆ ఊరి పిల్లని కదా అని ఆఫీసువాళ్లు కూడా ఎవరినీ పంపి చూడలేదు.

మునకని తట్టుకునే గింజ ఉప్పుని తట్టుకోదట. ఇవాళ అడిగితే తెలిసింది. ఒక్క నిమిషంలో చెప్పారు.

ఆఫీసరుగారిని నివేదిక మార్చమన్నాను. "పైకి వెళ్లిన కాగితం వెనక్కి రాదమ్మా, ఊహించని ఉపద్రవం అని కొత్త కాగితం పెడదాం" అన్నారు. మీకది ఏటేటా వచ్చేదే, ఊహించనిదెలా అవుతుందన్నాను. ఆయన టీ చల్లారిపోతోందన్నారు. చెడ్డవాడు కాదక్కా. ఆయన బల్ల మీద ఇలాంటివి నలభై ఊళ్లున్నాయి.

మీసాల వడ్లు ఉప్పుకి ఆగేవి, కాదూ? నాలుగు బస్తాలైనా ఇచ్చాయంటే అందుకే. వాటిని నేను తినిపించేశాను. ఎవరి దగ్గరైనా ఉన్నాయా? ఒక్క గుప్పెడు.

చెల్లి

అక్టోబరు 13

చిట్టీ,

మొన్న కోపంలో రాశాను. నేను చెప్పకపోవడం కూడా ఉంది. పాయ ఉప్పైందని లోకమంతటికీ తెలుసనుకున్నాను. నా లోకం ఎంతని.

చుట్టూ ఏడు ఊళ్లు తిరిగాం. మీసాల వడ్లంటే నవ్వారు, అవి వేసి ఎన్నేళ్లైందని. చివరికి మొండి పెద్దమ్మ గుమ్మం ఎక్కాను. ఆవిడ నన్ను గుమ్మంలోనే నిలబెట్టింది. తర్వాత, "మీ మీటింగులో నేను గింజ కొరికి ఉమ్మేస్తే పరువు పోయిందన్నావంట" అంది. అన్నానన్నాను. "ఎందుకు ఉమ్మానో అడిగావా?" అంది. లేదన్నాను. "పల్చటి పొట్టు. చెమట ఉప్పుకే చచ్చేలా ఉంది."

మంచం కిందనుంచి కుండ తీసింది. పాలపొడి డబ్బాతో కొలిస్తే నాలుగు డబ్బాలు. అందులో పురుగు పట్టినవి తీసేస్తే ఎంత మిగులుతుందో. అవి నా చేతికి ఇవ్వనంది. ఆవిడ పెరట్లోనే, రోడ్డెత్తున ఉన్న ఆ మడిలోనే చల్లాలట. మోకాళ్లు వంగవు కాబట్టి ఒక మనిషి అక్కడే ఉండి, చెప్పింది చెప్పినట్టు చేయాలట. "మీలో చెప్పింది వినే మనిషి ఎవరైనా ఉంటే పంపు" అంది.

ఎవరూ లేరు. ఎనిమిదిమంది ఇప్పటికే రొయ్యల షెడ్డుకి వెళ్లిపోయారు, పొట్టు వలిచే పనికి. మీ బావ నుంచి రెండు నెలలుగా కబురు లేదు. ఇంట్లో తిండి ఈ వారంతో సరి. నేనూ పోతే పాపని పెద్దమ్మ దగ్గర వదలాలి, గింజని ఎవరికి వదలాలి? ఆ నాలుగు డబ్బాలు పోతే మేం మళ్లీ ఎప్పటికీ ఆ చేలో దిగం. ఇక్కడే ఉంటే తిండి లేక పోతాం. ఏం చేయాలో నాకు తోచడం లేదు.

అక్క

అక్టోబరు 17

అక్కా,

నేను వస్తున్నాను. మూడు నెలలు జీతం లేని సెలవు అడిగాను. ఇవ్వలేమన్నారు. తిరిగి వచ్చేసరికి కుర్చీ ఉంటుందన్న హామీ లేదన్నారు. సరే అన్నాను. ఆ గింజ దగ్గర నేనుంటాను, పాపని నేను చూస్తాను. పెద్దమ్మకి చెప్పు.

చెల్లి

అక్టోబరు 20

చిట్టీ,

రావద్దు. నీ హాస్టలు కోసం నేను పదకొండో ఏట నాట్లకి వంగాను. అమ్మ జ్వరంలో ఉన్నప్పుడు కూడా నీ పుస్తకాలు ఆగలేదు. నువ్వు బురదలో దిగకూడదనే ఇంత బురద నేను తొక్కాను. ఇప్పుడు నువ్వు వచ్చి దిగితే నేను చేసినదానికి అర్థమేంటి? తప్పు చేసినదానివైతే అక్కడే కూర్చుని ఇంకో ఊరికి ఆ తప్పు జరక్కుండా చూడు. అది నీ పని. గింజ సంగతి మేం చూసుకుంటాం. ఎలాగో నాకు తెలియదు, చూసుకుంటాం.

ఎల్లుండి షెడ్డువాళ్ల వ్యాను వస్తోంది. నేను ఎక్కుతున్నాను.

అక్క

అక్టోబరు 23

అక్కా,

నీ ఉత్తరాన్ని డ్రైవరు నాకే ఇచ్చాడు, నేను మన ఊరికి వచ్చే బస్సులోనే ఎక్కాను కనుక. నేను దిగేసరికి నీ వ్యాను వెళ్లి ఒక రోజైంది. పాప వాకిట్లో ఉంది. నన్ను చూసి నీకోసం నా వెనక్కి చూసింది.

నీకు ఎదురుచెప్పడం ఇదే మొదలు. ఆ తప్పుని ఇంకో ఊళ్లో జరక్కుండా చూడాలంటే ముందు ఈ ఊరిని నేను చూడాలి. పెద్దమ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసి, "చెప్పులు విప్పు" అంది. అంతే మాట్లాడింది ఇవాళ.

చెల్లి

నవంబరు 21

చిట్టీ,

ఈ ముక్కలు దర్జీ వదిన రాస్తోంది, నేను చెబుతున్నాను. ఇప్పుడు పన్నెండుమందిమీ ఈ షెడ్డులోనే ఉన్నాం. మంచు ముక్కల్లోంచి రొయ్య తీసి వలవాలి, నిలబడే. పొద్దున్నించి సాయంత్రం దాకా. వేళ్లు ముందు మండుతాయి, తర్వాత ఏం తెలియదు. నాకు కలం నిలవడం లేదు, ఆవిడకి సూది పట్టిన వేళ్లు కాబట్టి ఇంకా వంగుతున్నాయి. ఇది ఆవిడే కలిపి రాసింది, నేననలేదు.

కోపం ఉందా అంటే ఉంది. పాపకి చెప్పకు. గింజ మొలిచిందా?

అక్క

డిసెంబరు 8

అక్కా,

సగం మొలిచింది. మొన్నటిదాకా మోకాలెత్తు. మొన్న గాలివానకి పోటు రోడ్డెక్కింది. రోడ్డు మీదకి ఎప్పుడూ రాలేదట. పెద్దమ్మ మంచం మీదనుంచి కేకలు, నేనూ పాపా మట్టి తట్టలు. "ఆ మూల, ఆ మూల, నీ కళ్లు ఎక్కడ పెట్టుకున్నావే" అని. జన్మలో అన్ని తిట్లు తినలేదు. మట్టి చాలక ఇంట్లో గోడ కింద తవ్వి తెచ్చాం. పై గట్టు ఆగింది, కింది గట్టు జారింది. మధ్యాహ్నం దాకా కింది వైపు పద్నాలుగు వరసలు ఉప్పులో ఉన్నాయి. తోడి, వాన నీళ్లతో కడిగాం. ఇప్పుడు ఆ వరసలు పసుపెక్కుతున్నాయి. నేను రోజూ చూస్తున్నాను. చూడటం తప్ప చేసేది లేదని పెద్దమ్మ అంది.

ఇంత భయం నాకు పరీక్షలప్పుడు కూడా లేదు.

చెల్లి

జనవరి 29

అక్కా,

కోశాం. ముందు నేను కొడవలి పట్టాను, పెద్దమ్మ లాక్కుని కూర్చునే కోసింది, నా చేతికి మళ్లీ ఇచ్చింది. మీసాలు ఎర్రగా, ఇంత పొడవు. పాప ఒకటి మూతికి పెట్టుకుని బావగారిలా దగ్గింది.

నూర్చి, తూర్పారబట్టి, తూచాం. పద్దెనిమిది కిలోలు. ఉప్పెక్కిన వరసల్లో చచ్చినవి చావగా నిలబడ్డ మొక్కల గింజని పెద్దమ్మ వేరే కుండలో పెట్టించింది, ఆ పద్దెనిమిదిలో అది మూడు కిలోలు. "ముందు ఇదే చల్లాలి, ఇది ఉప్పుని చూసి వచ్చింది" అంది. ఆవిడ చెప్పినవన్నీ పుస్తకంలో రాస్తున్నాను. నీళ్లు ఏ నీళ్లని అడిగే ఫారం ఒకటి నేనే రాసి ఆఫీసుకి పంపాను. జవాబు లేదు. కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారట.

ఇప్పుడు అసలు సంగతి. పద్దెనిమిది కిలోలు వచ్చే వానలకి ఒక ఎకరానికి సరిపోతాయి. మీ చేను ఆరెకరాలు. పన్నెండుమందికీ గింజ కావాలంటే వచ్చే పంట కూడా ఎవరూ నోట్లో పెట్టుకోకుండా విత్తనానికే ఉంచాలి. అంటే ఇంకో ఏడాది. అప్పటికైనా పోటు రాకుండా ఉంటేనే. ఆ ఏడాదంతా మీ చేతులు ఆ మంచులో ఉండాలి, పాప నిన్ను చూడకుండా ఉండాలి. లేదా ఉన్నది పంచుకుని, ఎవరి దారి వాళ్లు చూసుకోవాలి. కౌలు ఆయన వచ్చే నెలాఖరుకి మాట చెప్పమంటున్నాడు.

నేను ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని మూడు రోజులు కూర్చున్నాను. ఉండమని రాయబోయాను, చించేశాను. వచ్చేయమని రాయబోయాను, అదీ చించేశాను. నా మాటగా ఏదీ రాయలేను. మీరు పన్నెండుమంది కూర్చుని ఏం అనుకుంటే అది చేస్తాను. ఉండమంటే ఉంటాను, చల్లమంటే చల్లుతాను, పంచమంటే డబ్బాతో కొలిచి పంచుతాను.

తొందరపడి జవాబు రాయకు. చేయి నిలవకపోతే దర్జీ వదినతో రాయించు. కానీ మాటలు నువ్వు చెప్పినవే ఉండాలి.

చెల్లి